గ్లెండా జాక్సన్: పాత్రల కోసం ఎదురుచూడని నటి

గ్లెండా జాక్సన్ 2023 జూన్ 15న లండన్‌లోని బ్లాక్‌హీత్‌లో, తన ఇంట్లోనే, 87వ ఏట కన్నుమూశారు. ఆమె జీవితాన్ని చెప్పేటప్పుడు చాలామంది ఒకే వరసలో చెబుతారు: రెండు ఆస్కార్లు గెలిచిన నటి, మధ్యలో 23 ఏళ్లు పార్లమెంటులో గడిపి, ఎనభయ్యో ఏట మళ్లీ రంగస్థలానికి వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచారు అని. ఈ వరసలో పార్లమెంటు కాలం నటనకు పడిన విరామంగా మిగిలిపోతుంది. నా అభిప్రాయం వేరు. ఆమె అక్కడికి ఎందుకు వెళ్లారు, తిరిగి వచ్చినప్పుడు ఏ పాత్ర ఎంచుకున్నారు అన్న రెండు ప్రశ్నలను పక్కపక్కన పెట్టి చూస్తే, నడివయసు దాటిన నటికి నాటక, సినిమా రంగాలు ఏం ఇస్తున్నాయన్న దానిపై ఇంతకంటే గట్టి సాక్ష్యం మరొకటి దొరకదు.

ఆమె పుట్టింది 1936 మే 9న, లివర్‌పూల్‌కు ఎదురుగా మెర్సీ నది ఆవలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో. తండ్రి తాపీమేస్త్రి. నలుగురు ఆడపిల్లల్లో ఆమే పెద్దది. హాలీవుడ్ నటి గ్లెండా ఫారెల్ పేరు ఆమెకు పెట్టారు కానీ, ఆ ఇంట్లో ఎవరూ నటనను బతుకుతెరువుగా ఊహించే స్థితిలో లేరు. పదహారో ఏట చదువు ఆపేసి బూట్స్ మందుల దుకాణంలో రెండేళ్లు పనిచేశారు. ఊళ్లోని ఔత్సాహిక నాటక బృందంలో చేరాక, స్కాలర్‌షిప్ మీద లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో సీటు సంపాదించారు. కూలి పనితో బతికే ఇంటి బిడ్డకు ఆ తలుపు తెరిచింది ఆ స్కాలర్‌షిప్పే. దశాబ్దాల తర్వాత సొంత లేబర్ పార్టీ ప్రభుత్వమే విశ్వవిద్యాలయ ఫీజులు విధించబోయినప్పుడు ఆమె ఎదురుతిరగడానికి మూలం ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

అకాడమీ పెద్దలు ఆమెకు ముందే చెప్పారట: నీది కథానాయిక ముఖం కాదు, నలభై ఏళ్లు వచ్చేదాకా పెద్దగా పని దొరకదు అని. దాదాపు ఏడేళ్ల పాటు ఆ మాట నిజమే అయింది. చిన్న ఊళ్ల నాటక సంస్థల్లో వేషాలు, మధ్యలో పని లేని నెలలు, దుకాణాల్లో చిల్లర ఉద్యోగాలు. 1964లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చేరాక పరిస్థితి మారింది. మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా మలచి తర్వాతి కాలంలో మన దేశంలోనూ చర్చకు కారణమైన దర్శకుడు పీటర్ బ్రూక్, ఆమెను 'మారా/సాద్' నాటకంలో షార్లెట్ కోర్డే పాత్రకు తీసుకున్నారు. అది నాటకంలో నాటకం. పిచ్చాసుపత్రిలో ఉన్న ఒక రోగి, ఫ్రెంచి విప్లవ నాయకుడు మారాను చంపిన యువతిగా నటిస్తుంది. కొరడా పట్టుకోవలసిన చోట ఆమె తన పొడవాటి జుట్టుతో, అదే ఆసుపత్రిలో బందీగా ఉన్న రచయిత మార్క్వి ద సాద్ వీపు మీద కొడుతుంది. నాటకం న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు వెళ్లింది, 1967లో సినిమాగా వచ్చింది. ఆ పాత్రలో ఆమె ప్రేక్షకుడి జాలిని ఎక్కడా అడగలేదు. ఇక ముందు చేసిన ప్రతి పాత్రలోనూ ఆ గుణం నిలిచింది. 1965లో పీటర్ హాల్ దర్శకత్వంలో 'హామ్లెట్'లోని ఒఫీలియా వేసినప్పుడు కూడా, సాధారణంగా కన్నీళ్లతో కరిగిపోయే ఆ పాత్రకు ఆమె పదునైన కోపం పెట్టారు.

1969 నాటి కెన్ రస్సెల్ చిత్రం 'విమెన్ ఇన్ లవ్' ఆమెకు తొలి ఆస్కార్ తెచ్చింది. అందులో ఆమె పోషించిన గుడ్రున్ పొడవాటి కొమ్ముల పశువుల మంద ముందు నాట్యం చేసే ఘట్టం ఉంది. భయపడవలసిన చోట ఆ యువతి పశువుల మీదికే అడుగులు వేస్తుంది. ఆ చిత్రీకరణ నాటికి జాక్సన్ గర్భవతి. అయితే ఆమె ప్రతిభకు అసలు పరీక్ష టెలివిజన్లో జరిగిందంటాను. 1971లో బీబీసీ ప్రసారం చేసిన 'ఎలిజబెత్ ఆర్' ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ జీవితంపై ఆరు భాగాల ధారావాహిక. ఒకే నటి పదిహేను దాటని రాకుమారిగా మొదలై, దాదాపు డెబ్భై ఏళ్ల మరణశయ్య దాకా నడవాలి. రాణి చిత్రపటాల్లో కనిపించే విశాలమైన నుదురు కోసం ఆమె తల ముందు భాగం గొరిగించుకున్నారు. మేకప్ చేసిన పని పైకి కనిపిస్తుంది కానీ, వాచికంలో ఆమె చేసిన పని ఇంకా లోతైనది. మొదటి భాగాల్లో తొందరగా, ఊపిరి బిగబట్టినట్టు దొర్లే మాటలు, అధికారం స్థిరపడిన కొద్దీ నెమ్మదిస్తాయి, చివరి భాగంలో ఒక్కో పదానికీ మధ్య ఎదుటివారు వణికేంత నిశ్శబ్దం వస్తుంది. ఆ ధారావాహిక ఆమెకు అమెరికా టెలివిజన్ పురస్కారాలైన ఎమ్మీలు రెండు తెచ్చింది.

ఆమెను గంభీర నటిగానే చూసినవారు మరిచే విషయం ఒకటుంది. రెండో ఆస్కార్ హాస్య చిత్రానికి వచ్చింది. బ్రిటన్ ఇంటింటా చూసే మోర్కాంబ్, వైజ్‌ల హాస్య కార్యక్రమంలో ఆమె క్లియోపాత్రాగా కనిపించడం చూసి, దర్శకుడు మెల్విన్ ఫ్రాంక్ 'ఎ టచ్ ఆఫ్ క్లాస్' (1973) లో జార్జ్ సీగల్ సరసన అవకాశమిచ్చారు. రెండుసార్లూ బహుమతి అందుకోవడానికి ఆమె వెళ్లలేదు. ఆ బొమ్మలు తల్లి ఇంట్లో ఉండేవి, తల్లి వాటిని తుడిచి తుడిచి పైపూత ఊడిపోయేదాకా మెరిపించిందని ఆమె తర్వాత చెప్పేవారు. బహుమతులను చిన్నచూపు చూశారని దీనికి అర్థం కాదు. పని ముగిశాక పని గురించి సంబరపడటం ఆమె స్వభావంలో లేదు.

1975లో 'హెడ్డా'తో నాలుగో ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1978లో కవయిత్రి స్టీవీ స్మిత్ పాత్ర. అక్కడి నుంచి సినిమా ఆమెకు ఇచ్చేది తగ్గుతూ వచ్చింది. వాల్టర్ మాథావ్‌తో రెండు వినోద చిత్రాలు, కొన్ని టెలివిజన్ చిత్రాలు. నాటకరంగమే ఆమెను నిలబెట్టింది: యూజీన్ ఓనీల్, రాసీన్, లోర్కా, బ్రెహ్ట్. ఈ పేర్లను గమనించండి. నలభై, యాభై ఏళ్ల స్త్రీకి తగిన బరువైన పాత్ర కావాలంటే అప్పటికే చనిపోయిన రచయితల దగ్గరికే వెళ్లవలసి వచ్చింది. సమకాలీన నాటక రచయితలకు స్త్రీలు ఆసక్తికరంగా కనిపించరని, కథను ముందుకు నడిపే శక్తిగా స్త్రీని పెట్టడం వారికి తోచదని ఆమె జీవితాంతం ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. యాభై అయిదేళ్లకు నటన వదిలిపెట్టడానికి ఇదొక్కటే కారణమని నేననను. కన్సర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ పాలన తన దేశానికి చేసిన దానిపై కోపమే ప్రధాన కారణమని ఆమె దాచకుండా చెప్పారు. కానీ చేతినిండా గొప్ప పాత్రలు ఉన్న నటి అంత తేలిగ్గా తలుపు మూసేదా అన్న ప్రశ్న అడగకుండా ఉండలేం.

1992 ఏప్రిల్‌లో ఉత్తర లండన్‌లోని హాంప్‌స్టెడ్, హైగేట్ నియోజకవర్గం నుంచి లేబర్ అభ్యర్థిగా గెలిచారు. ఓడిపోయింది తర్వాత మంత్రి అయిన ఆలివర్ లెట్విన్. దేశమంతటా లేబర్ ఓడిన ఎన్నికల్లో, కన్సర్వేటివ్‌ల చేతిలోని సీటు ఆమె లాక్కున్నారు. సినిమా నుంచి రాజకీయాలకు వచ్చినవారి విషయం తెలుగు పాఠకులకు కొత్త కాదు గనుక ఒక తేడా చెప్పాలి. ఎన్.టి.రామారావు సొంత పార్టీ పెట్టి, తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయి, పదవిలో ఉండగానే వెండితెర మీద కనిపించారు. అక్కడ నటుడి తేజస్సే రాజకీయ బలం. జాక్సన్ ఆ బలాన్ని వాడుకోవడానికి ఒప్పుకోలేదు. ఎంపీగా ఉన్న 23 ఏళ్లలో ఒక్క వేషం కూడా వేయలేదు. వెనుక వరసలో కూర్చునే సాధారణ సభ్యురాలిగానే ఎక్కువ కాలం గడిపారు. ఇళ్ల సమస్యలు, భత్యాల సమస్యలతో వచ్చేవారి అర్జీలు చూడటమే ఆమె రోజువారీ పని.

మంత్రిగా ఆమె గుర్తుండిపోయే పని చేశారని చెప్పలేం. 1997 నుంచి 1999 దాకా రవాణా శాఖలో సహాయ మంత్రి. లండన్ మేయర్ పదవి కోసం రాజీనామా చేశారు కానీ పార్టీ అభ్యర్థిత్వం ఫ్రాంక్ డాబ్సన్‌కు దక్కింది. పదవి లేకపోవడమే ఆమె గొంతుకు స్వేచ్ఛ ఇచ్చింది. సొంత పార్టీ ప్రధాని టోనీ బ్లెయిర్ ఫీజుల విధానాన్ని, ఇరాక్ యుద్ధాన్ని బాహాటంగా వ్యతిరేకించారు. 2010లో కేవలం 42 ఓట్ల తేడాతో గెలిచారు. సొంత పార్టీతో పేచీ పెట్టుకున్న ఎంపీకి ఆ అంకె సుఖంగా ఉండదు. అయినా స్వరం తగ్గించలేదు.

2013 ఏప్రిల్ 10న థాచర్‌కు నివాళి అర్పించడానికి పార్లమెంటు దిగువ సభ కామన్స్ సమావేశమైనప్పుడు ఆమె చేసిన ప్రసంగం చూడవలసినది. దుకాణాల గుమ్మాలు నిరాశ్రయులకు పడకగదులుగా మారిన రోజులను, పెచ్చులూడిన బడి గోడలను, పుస్తకాలు లేని తరగతులను ఒక్కొక్కటిగా గుర్తుచేస్తూ, దురాశ, స్వార్థం వంటి దుర్గుణాలను ఆ పాలన సుగుణాలుగా మార్చిందన్నారు. ఎదుటి బెంచీల నుంచి కేకలు. ఆమె గొంతు పెంచారు కానీ వాక్యం తెగలేదు, లయ తప్పలేదు. అభ్యంతరం లేవనెత్తిన సభ్యుడికి స్పీకర్, ఆమె నియమాలకు విరుద్ధంగా ఏమీ మాట్లాడలేదని చెప్పారు. చనిపోయిన మనిషి గురించి ఆ రోజే అలా మాట్లాడటం తగునా అన్నవారున్నారు. సభ ఏకగ్రీవంగా పొగడ్తలు చదవడానికి కూర్చున్న రోజున, ఆ పాలనలో నష్టపోయినవారి తరఫున ఒక్కరైనా నిలబడటమే ప్రజాప్రతినిధి ధర్మమని నేననుకుంటాను.

2015లో మళ్లీ పోటీ చేయలేదు. 2016 చివరలో లండన్ ఓల్డ్ విక్ వేదికపై, డెబొరా వార్నర్ దర్శకత్వంలో, ఎనభై ఏళ్ల గ్లెండా జాక్సన్ షేక్‌స్పియర్ లియర్ రాజుగా నిలబడ్డారు. రాజును రాణిగా మార్చలేదు. లియర్ మగవాడే. ఆ పాత్రకు కావలసిన శారీరక శక్తి సామాన్యం కాదు. తుపానులో అరవాలి, చివర్లో కూతురి శవాన్ని చూసి కూలిపోవాలి. పాతికేళ్లు వేదిక ఎక్కని మనిషికి ఆ ఊపిరి ఎక్కడిదని చాలామంది అబ్బురపడ్డారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది ఆమె ఇచ్చిన వివరణ. ఎంపీగా వృద్ధాశ్రమాలకు వెళ్లినప్పుడల్లా, వయసు ముదిరిన కొద్దీ ఆడ, మగ అన్న గీతలు చెరిగిపోవడం గమనించానని ఆమె చెప్పారు. లియర్‌ను స్త్రీ పోషించడం ఆమెకు సాహస ప్రదర్శనగా కాక చూసిన సత్యంగా కనిపించింది అందుకే. పార్లమెంటు కాలాన్ని ఖాళీ అనేవారికి ఈ ఒక్క మాట చాలు: ఆమె లియర్ పాత్ర రిహార్సల్ గదికంటే ముందు నియోజకవర్గంలోనే మొదలైంది.

అయితే ఇందులో చేదు కూడా ఉంది. ప్రపంచ నాటక సాహిత్యంలో ఎనభై ఏళ్ల నటికి తగిన శిఖరం వెతికితే పురుషుడి పాత్ర దొరికింది. 1986లో జాక్సన్‌కు లోర్కా నాటకంలో దర్శకత్వం వహించిన స్పెయిన్ నటి నూరియా ఎస్పెర్ట్ కూడా అంతకుముందే బార్సిలోనాలో లియర్ వేశారు. ఇద్దరు మహానటులు వృద్ధాప్యంలో ఒకే మగ పాత్ర దగ్గరికి చేరడం యాదృచ్ఛికం అనిపించదు. ఎడ్వర్డ్ ఆల్బీ 'త్రీ టాల్ విమెన్' దీనికి అరుదైన మినహాయింపు. తొంభై దాటిన, జ్ఞాపకం చెదురుతున్న, దురహంకారం ఇంకా వదలని సంపన్న స్త్రీగా 2018లో బ్రాడ్‌వేలో ఆమె చేసిన నటనకు 82 ఏళ్ల వయసులో అమెరికా నాటకరంగ పురస్కారం టోనీ వచ్చింది. ఆస్కార్, ఎమ్మీ, టోనీ మూడూ అందుకున్న అతి కొద్దిమందిలో ఒకరయ్యారు. మరుసటి ఏడాది బీబీసీ చిత్రం 'ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్'లో మతిమరుపు కమ్ముకుంటున్న మాడ్ పాత్ర బ్రిటన్ బాఫ్టా పురస్కారం తెచ్చింది. జాలి అడగని పాత పద్ధతే అక్కడా ఉంది: మాడ్ మరిచిపోయినప్పుడు మనకు ముందు కనిపించేది ఆమె నిస్సహాయత కాదు, తన మాట ఎవరూ నమ్మడం లేదన్న ఉక్రోషం.

ఆమె మరణానంతరం 2023 అక్టోబరులో విడుదలైన 'ది గ్రేట్ ఎస్కేపర్' ఆమె వాదనకు చివరి ఉదాహరణ అయింది. 1975లో ఒకసారి కలిసి నటించిన మైకేల్ కెయిన్ ఇందులో భర్త. రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న ఆ వృద్ధుడు, నార్మండీ స్మారక ఉత్సవం కోసం వృద్ధాశ్రమం నుంచి చెప్పకుండా ఫ్రాన్స్ వెళ్లిపోతాడు. సినిమా పేరు అతనిది, ప్రయాణం అతనిది, వార్తాపత్రికల శీర్షికలు అతనివి. భార్య రీన్ గదిలో ఉండి ఎదురుచూస్తుంది. కాగితం మీద అది ఎన్నోసార్లు రాసిన భార్య పాత్రే. జాక్సన్ దాన్ని భర్త రహస్యాన్ని తెలిసి తెలిసి కాపాడుతూ, ఆ సాహసంలో తనకూ సగం వాటా ఉందని నవ్వుతూ చెప్పే మనిషిగా మార్చారు. రచయితలు ఆమెకు ఆ ప్రయాణాన్ని రాసి ఉంటే ఎలా ఉండేదో ఊహించడానికి ఆ కొన్ని దృశ్యాలు చాలు.