పురుగుల సహాయ నిరాకరణ

2010లో ప్రపంచవ్యాప్తంగా 10 కోట్లకు పైగా, చేతిలో ఇమిడే కాంపాక్ట్ డిజిటల్ కెమెరాలు కర్మాగారాల నుంచి బయలుదేరాయి. 2023 నాటికి ఆ సంఖ్య 20 లక్షలైనా లేదు. ఈ పతనానికి సెల్‌ఫోనే కారణమని లోకం ఏకగ్రీవంగా తీర్మానించింది. నిందితుడు జేబులోనే దొరికినప్పుడు దర్యాప్తు చేసే ఓపిక ఎవరికుంటుంది? అసలు ద్రోహం ఈ కెమెరాలతో పురుగుల ఫొటోలు తీసే చోట, పెరటి మొక్కల మీదా, పొలం గట్ల మీదా జరిగిందనీ, దానికి చీమలు, తూనీగలు, గొల్లభామలు, సాలీళ్లు ఉమ్మడిగా బాధ్యత వహించాలనీ ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

తయారీదారుల వైపు లోపమేమీ లేదు. పెట్టె మీద ‘1 సెం.మీ. మాక్రో’ (అతి దగ్గరి నుంచి తీసే పద్ధతి) అని స్పష్టంగా ముద్రించారు. దానికి గుర్తుగా మీట మీద తులిప్ పువ్వు బొమ్మ వేశారు. తులిప్‌ను కళ్లారా చూడాలంటే శ్రీనగర్ దాకా పోవలసిన మనవాళ్ల కోసం ఏ బంతిపువ్వో వేసి ఉంటే, దాన్ని చూసి ఇదేదో బెండకాయ అనుకునే ప్రమాదం తప్పేది, అంతే. ఇక ఆ వాగ్దానం అక్షరాలా నిజం. లెన్సు ముందుభాగానికి ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువు మీద ఆ కెమెరా ఫోకస్ చేయగలదు. జూమ్‌ను పూర్తిగా వెనక్కి తెచ్చినప్పుడు మాత్రమే ఇది సాధ్యమన్న షరతును కూడా వారు దాచలేదు; సూచనల పుస్తకం చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చువేశారు. వాటిని చదువుకోవడానికి మాక్రో మోడ్ చక్కగా పనికొస్తుంది.

సెన్సారు (లెన్సు వెనక ప్రతిబింబం పడే పలక) చిన్నదని ఎగతాళి చేసేవారికి లెక్కలు రావు. 1/2.3 అంగుళాల రకమని పిలిచే ఆ సెన్సారు వెడల్పు 6 మి.మీ. పైచిలుకు. (స్కేలు పట్టుకుని ఎటు కొలిచినా ఆ 1/2.3 అంగుళం దొరకదు. ఆ పేరు పాత వీడియో కెమెరాల గాజు గొట్టాల కాలం నుంచి వారసత్వంగా వచ్చింది.) 36 మి.మీ. వెడల్పు సెన్సారుండే పెద్ద ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 36 మి.మీ. సీతాకోకచిలుక నిండుగా పట్టాలంటే దాని ప్రతిబింబం సెన్సారు మీద అసలు పరిమాణంలోనే పడాలి. కాంపాక్ట్‌కు అందులో ఆరో వంతు చాలు. ప్రతిబింబం చిన్నదైనకొద్దీ ముందువెనకల స్పష్టత పెరుగుతుంది. అందువల్లనే, లక్షలు పోసి లెన్సు కొన్న ఆసామికి గొల్లభామ కన్ను స్పష్టంగా వస్తే మీసం మసకబారుతుండగా, కాంపాక్ట్ చేతబట్టిన సామాన్యుడికి కన్నూ, మీసమూ, కాలి ముళ్లూ, ఆకు మీది దుమ్ముతో సహా కనబడతాయి. ఈ సంగతి ఆ ఆసాముల సమక్షంలో ప్రస్తావించకపోవడం మర్యాద.

ఇంతటి సాంకేతిక సంపత్తికి పురుగుల నుంచి లభించిన ప్రతిస్పందన ఏమిటి? మూడు సెంటీమీటర్ల వెడల్పున్న లెన్సు గొట్టం ఒక సెంటీమీటరు దూరానికి వచ్చి ఆగితే ఎండ ఆగిపోతుంది, నీడ కమ్ముతుంది. బాధ్యత తెలిసిన ఏ కీటకమైనా ఇది కళాసేవ అని గ్రహించి కదలక నిలబడాలి. తూనీగ అయితే, చుట్టూ చూడగల కళ్లున్నాయి కదా అన్న అహంకారంతో, కెమెరా మూరెడు దూరంలో ఉండగానే లేచిపోతుంది. చీకటిని జయించడానికి కెమెరాలోని ఫ్లాష్ వెలిగిస్తే, ఆ వెలుగుకు లెన్సు గొట్టమే అడ్డుపడి ఫొటోలో సగం అమావాస్య, సగం సున్నం వేసిన గోడ. పరిశ్రమ అప్పటికీ పట్టు వదల్లేదు. రికో వారు కొన్ని కెమెరాల్లో లెన్సు చుట్టూ చిన్న దీపాలు అమర్చారు. 2014లో ఒలింపస్ వారు టీజీ-3 అనే కెమెరాలో, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ వరుసగా ఫొటోలు తీసి, వాటిని ఒక్కటిగా కలిపి, పురుగును నఖశిఖపర్యంతం స్పష్టంగా చూపే ఏర్పాటు చేశారు. అది పూర్తయ్యేవరకు పురుగు కదలకూడదు. ఇంత చిన్న కోరికను కూడా మన్నించని జాతితో ఇంకేం మాట్లాడతాం?

ఇంతకన్నా బాధ కలిగించేది మన కాంపాక్ట్ వర్గంలోనే పుట్టిన రాజీవాదుల ప్రవర్తన. వీరు పెట్టె మీది సెంటీమీటరును లెక్కచేయక, జూమ్‌ను ముందుకు చాచి, లెన్సు ముందు రేనాక్స్ వంటి చిన్న క్లోజప్ లెన్సు బిగించి, సుమారు 12 సెం.మీ. దూరంలోనే వినయంగా ఆగిపోతారు. ఫ్లాష్‌కు తెల్ల కాగితం అడ్డం పెట్టి వెలుగును మెత్తబరుస్తారు. ఫొటో తీసే మీటను సగం నొక్కి ఫోకస్‌ను కట్టివేసి, తామే ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊగుతూ వరుసగా నొక్కేస్తారు. ఫొటోలు బాగానే వస్తాయి, కాదనను. కానీ పదివేలు పోసి కొన్న యజమాని, టిక్కెట్టు కూడా కొనని దోమ ముందు ఇలా ఊగవలసి రావడం ఏ రాజ్యాంగం ప్రకారం సమంజసమో వారే చెప్పాలి.

పురుగుల లోకంలో క్రమశిక్షణ గల పౌరుడు ఆరుద్ర పురుగు ఒక్కటే. తొలకరి పడ్డాక తడినేల మీదికి వచ్చి, నింపాదిగా నడిచి, తాకితే కాళ్లు ముడుచుకుని అక్కడే ఆగిపోతుంది. సెంటీమీటరు దూరానికి వెళ్లినా అభ్యంతరం చెప్పదు. చిక్కల్లా దాని ఒంటిమీది ఎరుపుతోనే. సెన్సారు ఆ రంగును భరించలేక మఖమల్ నూగునంతా ఒకే ఎర్రముద్దగా మార్చివేస్తుంది కనుక, ఎక్స్‌పోజరును (సెన్సారు మీద పడే వెలుగును) ఒక మెట్టు తగ్గించవలసి ఉంటుంది. ఆ పని చేసి నొక్కితే, వెలుగునీడల తేడా ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి పరుగెత్తే ఆటోఫోకస్, మెత్తటి పురుగును వదిలేసి పక్కనున్న మట్టిబెడ్డను ఎంచుకుంటుంది. బెడ్డ ఫొటో అద్భుతంగా వస్తుంది. సూచనల పుస్తకంలోని నియమాలన్నిటినీ పాటించింది అదొక్కటే మరి.