ప్రభుత్వ బీమా కూడా ఒక ఎంపికగా ఉంటే ప్రైవేటు బీమా అంతరించిపోతుందా?

అమెరికాలో ఆరోగ్య సంస్కరణల మాట వచ్చిన ప్రతిసారీ ఒక వాదన చలామణీలోకి వస్తుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగువారిలోనూ దీన్ని నమ్మి పదిమందికి పంపేవారు తక్కువేమీ కాదు. ప్రభుత్వం తానే ఒక బీమా పథకాన్ని నడుపుతూ, ప్రైవేటు కంపెనీల పథకాల పక్కనే దాన్నీ అమ్మకానికి పెట్టడాన్ని అక్కడ పబ్లిక్ ఆప్షన్ అంటారు. అది గనక వస్తే కొన్నేళ్ళలో ప్రైవేటు బీమా మాయమవుతుందని, ఎవరికి ఏ వైద్యం అందాలో ప్రభుత్వ అధికారులు తేలుస్తారని, ఆసుపత్రులు దివాలా తీస్తాయని, నష్టమంతా పన్ను కట్టేవారి నెత్తిన పడుతుందని, ఇదివరకే ఒకసారి ప్రయత్నించి చేతులు కాల్చుకున్నారని ఆ వాదన సారాంశం. ఈ అయిదింటిలో ఆసుపత్రుల గురించిన భయం ఒక్కటే ఆలోచించదగినది. మిగిలినవి వాస్తవాల ముందు నిలవవు.

ప్రైవేటు బీమా మాయమవుతుందన్న మాటకు ఆధారంగా చూపే అంకె 11 కోట్ల 90 లక్షలు. అంతమంది ప్రైవేటు బీమా నుంచి బయటికి వస్తారని 2009లో లెవిన్ గ్రూప్ అనే సలహా సంస్థ అంచనా వేసింది. ఆ సంస్థ అప్పట్లో యునైటెడ్ హెల్త్ అనే అతిపెద్ద బీమా వ్యాపార సంస్థ చేతిలో ఉండేదన్న సంగతిని పక్కనపెట్టి, అంచనానే చూద్దాం. చిన్నా పెద్దా తేడా లేకుండా ఉద్యోగాలిచ్చే యజమానులందరినీ ప్రభుత్వ పథకంలో చేరనిచ్చి, వైద్యులకు మెడికేర్ (వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే బీమా) ఇచ్చే తక్కువ ధరలే చెల్లించే పక్షంలో మాత్రమే ఆ అంకె వస్తుంది. షరతులు మార్చి చూస్తే సంఖ్య బాగా తగ్గిపోతుందని అదే నివేదిక చూపించింది. షరతులను వదిలేసి అంకెను మాత్రం ఊరంతా తిప్పారు.

ఆ ఏడాది నవంబరు 7న ప్రతినిధుల సభ 220–215 ఓట్లతో ఆమోదించిన ఆరోగ్య సంస్కరణల బిల్లులోని పబ్లిక్ ఆప్షన్ స్వరూపమే వేరు. అందులో ధరలను ప్రభుత్వం ఆసుపత్రులతో బేరమాడి కుదుర్చుకోవాలి. ఆ పథకంలో 2019 నాటికి సుమారు 60 లక్షల మంది చేరతారని, రోగాలతో ఉన్నవారే ఎక్కువగా చేరే అవకాశం ఉన్నందున దాని ప్రీమియం ప్రైవేటు పథకాల సగటు కంటే కొంత ఎక్కువే ఉండవచ్చని, ఏ పార్టీకీ చెందని కాంగ్రెషనల్ బడ్జెట్ కార్యాలయం లెక్కకట్టింది. ప్రైవేటు వ్యాపారాన్ని మింగేస్తుందన్న పథకం మీద అధికారిక అంచనా ఇది. ఆ ఎంపికకు కూడా తాను ఓటు వేయనని కనెక్టికట్ సెనేటర్ జో లీబర్‌మన్ పట్టుబట్టడంతో సెనేట్ దాన్ని తొలగించింది. 2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టంలో అది లేదు.

అంచనాల కంటే అనుభవం గట్టి సాక్ష్యం. ప్రభుత్వ బీమా, ప్రైవేటు బీమా పక్కపక్కనే నడుస్తున్న చోటు అమెరికాలో ఇప్పటికే ఉంది. 65 ఏళ్ళు దాటినవారి కోసం 1965 చట్టంతో వచ్చిన మెడికేర్‌లో, ప్రభుత్వం నేరుగా నడిపే సంప్రదాయ పథకాన్నిగానీ, అడ్వాంటేజ్ పేరుతో ప్రైవేటు కంపెనీలు నడిపే పథకాన్నిగానీ ఎంచుకునే వీలుంది. ఇన్ని దశాబ్దాల తరువాత అక్కడ కనుమరుగైంది ప్రైవేటు బీమా కాదు; 2023 నుంచి అర్హుల్లో సగానికి పైగా ప్రైవేటు పథకాల్లోనే ఉన్నారు. అందుకు ప్రభుత్వం ఆ కంపెనీలకు ఎక్కువగానే చెల్లిస్తోందన్న విమర్శ ఉంది, అది నిజం కూడా. అయితే ఆ విమర్శ చెప్పేది, పలుకుబడి గల ప్రైవేటు రంగం తన వాటాను బాగానే కాపాడుకోగలదని. మింగేస్తారన్న వాదానికి అది ఏ విధంగానూ పనికిరాదు.

“మీకిప్పుడున్న బీమా పోతుంది” అన్న మాటను ఇక్కడే విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవారిని ఎక్కువగా భయపెట్టేది ఇదే. “మీ పథకం మీకు నచ్చితే అది మీ దగ్గరే ఉంటుంది” అని ఒబామా పదేపదే చెప్పిన మాట 2013లో లక్షల మంది విషయంలో నిలబడలేదు కనుక, ఈ అనుమానం ఊరికే పుట్టిందని అనలేము. కానీ హెచ్1బీ వీసా మీద పనిచేస్తున్న ఒక కుటుంబం పరిస్థితి చూడండి. ఉద్యోగం పోతే యజమాని ఇచ్చిన బీమాకూ గండి పడుతుంది. మరో ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ మధ్యకాలంలో కోబ్రా చట్టం కింద పాత బీమానే కొనసాగించాలంటే యజమాని వాటాతో సహా మొత్తం ప్రీమియం, దానిమీద 2 శాతం నిర్వహణ ఖర్చు చేతినుంచి కట్టాలి. 2024లో యజమానుల ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు, అంటే కోబ్రా కింద నెలకు దాదాపు 2,170 డాలర్లు. అదీ జీతం ఆగిపోయిన నెలలో. ఉన్న బీమా పోవడమనేది ప్రభుత్వం తీసుకురాబోయే కొత్త ఉపద్రవంలా చెప్పేవారు, అది ప్రతి లేఆఫ్‌లోనూ ఇప్పుడే జరుగుతోందన్న సంగతిని లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇక అధికారులు ప్రాణాలు తూకం వేస్తారన్న ప్రచారం. 2009 ఆగస్టులో రిపబ్లికన్ నేత సారా పేలిన్ “డెత్ ప్యానెల్స్” (ఎవరు బతకాలో తేల్చే అధికారుల బృందాలు) అన్న మాటను ప్రచారంలోకి తెచ్చారు. అందుకు మూలంగా చూపిన, అప్పటి బిల్లులోని 1233వ సెక్షన్‌కు పబ్లిక్ ఆప్షన్‌తో సంబంధమే లేదు. చివరి దశలో తనకు ఎలాంటి చికిత్స కావాలో, ఏది వద్దో రోగి తన ఇష్టంతో వైద్యునితో మాట్లాడుకుంటే ఆ సమయానికి మెడికేర్ ఫీజు చెల్లించాలన్నది దాని సారం. ఆ చెల్లింపు 2016 నుంచి అమలులో ఉంది. ఏ ప్యానెలూ ఎవరి గడపా తొక్కలేదు. చికిత్సను ఆపే అధికారం ఎవరి చేతిలో ఉందో నిజంగా తెలుసుకోవాలంటే, ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక చూడాలి. అడ్వాంటేజ్ కంపెనీలు చికిత్సకు ముందస్తు అనుమతి నిరాకరించిన కేసుల నమూనాలో 13 శాతం, మెడికేర్ నిబంధనల ప్రకారం తప్పక ఇవ్వవలసినవేనని అది తేల్చింది. సంప్రదాయ మెడికేర్‌లో అసలు ముందస్తు అనుమతి అవసరమయ్యే సేవలే కొద్ది.

ఆసుపత్రుల సంగతి మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ అధ్యయనం ప్రకారం, 2022లో ఒకే సేవకు మెడికేర్ 100 డాలర్లు ఇస్తే ప్రైవేటు బీమా సగటున 254 డాలర్లు ఇచ్చింది. మెడికేర్ రోగుల మీద సగటు ఆసుపత్రికి ఖర్చులు రావడం లేదన్నది కూడా అంగీకరించవలసిందే. రేపటినుంచి అందరికీ మెడికేర్ ధరే అంటే, రోగులు తక్కువగా ఉండే గ్రామీణ ఆసుపత్రులు కొన్ని నిజంగానే తట్టుకోలేవు. కానీ 100కూ 254కూ నడుమ బోలెడంత చోటుంది, పబ్లిక్ ఆప్షన్ మీద జరగవలసిన అసలు చర్చ ఆ చోటులోనే ఉంది. మన తెలుగువారు పెద్దసంఖ్యలో ఉన్న సియాటిల్ ప్రాంతం గల వాషింగ్టన్ రాష్ట్రంలో పబ్లిక్ ఆప్షన్ పేరుతో 2019లో చేసిన చట్టం, ఆసుపత్రులకూ వైద్యులకూ చెల్లించే ధరల పరిమితిని మెడికేర్ ధరలో సగటున 160 శాతంగా పెట్టింది. పథకాలను నడిపేది రాష్ట్రంతో ఒప్పందం చేసుకున్న ప్రైవేటు కంపెనీలే కనుక అది పూర్తి అర్థంలో ప్రభుత్వ బీమా కాదు. అయినా పాఠం మాత్రం ఉంది. 2021లో అమలు మొదలైనప్పుడు ఆసుపత్రులు చేరకుండా దూరంగా ఉండిపోవడంతో, 39 కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) 19 చోట్ల మాత్రమే ఆ పథకం దొరికింది. ధర నచ్చకపోతే ఆసుపత్రి కాదనగలదని, ప్రభుత్వం చెప్పిందే వేదమై అన్నీ మూతపడతాయన్నది నిజం కాదని ఆ ఒక్క ఏడాదే రుజువు చేసింది. ఆ తరువాతే, కనీసం ఒక్క పథకంలోనైనా ఆసుపత్రులు చేరేలా రాష్ట్రం చట్టాన్ని సవరించవలసి వచ్చింది.

ఇదే సందర్భంలో మనవారు ఆరోగ్యశ్రీని ఉదాహరణగా తెస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆ పథకంలో, బకాయిలు పేరుకుపోయి నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపేసిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ప్రభుత్వ బీమా అంటే ఇంతేనన్న అభిప్రాయం అక్కడినుంచే వచ్చింది. కానీ బడ్జెట్ నుంచి నిధులు విడుదలైతేనే నడిచే పథకం వేరు, చేరినవారి ప్రీమియంతో నడిచే పథకం వేరు. పైగా మెడికేర్‌లో లోపాలు లేని క్లెయిమ్‌కు 30 రోజుల్లో డబ్బు అందకపోతే ప్రభుత్వమే వడ్డీ కట్టాలన్న నిబంధన ఉంది. బకాయిల జబ్బుకు మందు ఆ నిబంధనలో ఉంది తప్ప, బీమానే వద్దనడంలో లేదు.

పన్ను చెల్లింపుదారుల మీద భారం అన్నదానికి జవాబు చిన్నదే. మెడికేర్ కంటే కొంచెం ఎక్కువ ధరలు చెల్లిస్తూ, తన ఖర్చులను ప్రీమియంతోనే రాబట్టుకునే పబ్లిక్ ఆప్షన్ ఉంటే, ఆ ప్రీమియం ప్రైవేటు పథకాలకంటే 7 నుంచి 8 శాతం తక్కువగా ఉంటుందని, బీమా కొనేవారికి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీల ఖర్చు తగ్గి పదేళ్ళలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లోటు 158 బిలియన్ డాలర్ల మేర దిగుతుందని 2013లో బడ్జెట్ కార్యాలయం లెక్కతేల్చింది.

చివరిది, ఇదివరకే విఫలమైందన్న ఆరోపణ. దీనికి ఉదాహరణగా చూపేవి పబ్లిక్ ఆప్షన్‌ను తీసేసి దాని స్థానంలో 2010 చట్టంలో పెట్టిన కో-ఆప్ సంఘాలు. అవి ప్రభుత్వ సంస్థలు కావు. ప్రభుత్వ రుణంతో మొదలైన, సభ్యులు నడుపుకునే లాభాపేక్ష లేని ప్రైవేటు బీమా సంఘాలు. మొదటి సంవత్సరాల నష్టాలను పూడ్చడానికి చట్టం హామీ ఇచ్చిన రిస్క్ కారిడార్ చెల్లింపులకు అమెరికా చట్టసభ కాంగ్రెస్ నిధులు రానివ్వకపోవడంతో, 2015లో డాలరుకు 12.6 సెంట్లు మాత్రమే అందాయి. కొత్తగా పుట్టి నిల్వలు లేని సంఘాలను ఆ దెబ్బ కోలుకోనివ్వలేదు. ఆ బాకీ ప్రభుత్వం తీర్చవలసిందేనని మెయిన్ రాష్ట్రానికి చెందిన ఒక కో-ఆప్ పెట్టిన దావాలో సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో 8–1 మెజారిటీతో తీర్పు చెప్పేనాటికి, 20కి పైగా ఉన్న ఆ సంఘాల్లో మిగిలినవి కొద్దే. ఇచ్చిన హామీని ప్రభుత్వం నిలబెట్టుకోకపోవడం వల్ల మూతపడిన ప్రైవేటు సంఘాలను చూపించి, ఎన్నడూ పుట్టనివ్వని ప్రభుత్వ పథకం విఫలమైందని అనడం చెల్లదు.