పక్షవాతం ఫైల్లోకి గర్భస్రావాల సంగతి ఎందుకు ఎక్కదు?

బీపీ, షుగర్ లేని ముప్పై అయిదేళ్ల మనిషికి పక్షవాతం వస్తే ‘కారణం తెలియదు’ అని రాసి పంపేయడం క్షమించరాని అలసత్వం. లండన్‌లో గ్రాహం హ్యూస్ 1983లోనే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌ను వర్ణించారు. ఇందులో మనల్ని కాపాడాల్సిన యాంటీబాడీలే రక్తం గడ్డకట్టేలా చేస్తాయి, గర్భాలు పోవడానికీ కారణమవుతాయి. మెదడు విషయంలో పక్షవాతం ఒక్కటే కాదు, మైగ్రేన్, మూర్ఛ, మతిమరుపు కూడా ఉండొచ్చు. ఎంఆర్ఐలో తెల్ల మచ్చలు చూసి మల్టిపుల్ స్క్లెరోసిస్ (నరాల పైపొర దెబ్బతినే వేరే జబ్బు) అనుకుంటే, గడ్డలను ఆపే మందు అందనే అందదు.

అసలు పొరపాటు మొదటి రోజే జరుగుతుంది. ఈ యాంటీబాడీలను పట్టే మూడు పరీక్షల్లో ఒకటైన లూపస్ యాంటీకోయాగ్యులెంట్‌కు రక్తాన్ని పలుచన చేసే మందు మొదలుపెట్టకముందే శాంపిల్ తీయాలి. హెపారిన్, వార్ఫరిన్, రివరాక్సబాన్ లాంటి ఆ మందుల్లో ఏది పడినా ఫలితం తారుమారు కావచ్చు. నీలిమూత ట్యూబులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ (శాంపిల్ గడ్డకట్టకుండా ఆపే ద్రవం) ఉండాలి. ట్యూబు గీత దాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, గడ్డకట్టే సమయం లేనిపోని విధంగా పెరుగుతుంది. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాను రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేయాలి, అంటే యంత్రంలో గిర్రున తిప్పి కణాలను వేరుచేయాలి. ప్లేట్‌లెట్లు మిగిలిపోతే వాటి ఫాస్ఫోలిపిడ్లు (కొవ్వు పదార్థాలు) యాంటీబాడీలను పట్టేసుకుంటాయి, ఉన్న జబ్బు లేనట్టు రిపోర్టు వస్తుంది. మిగతా రెండైన యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్-1 పరీక్షలకు మాత్రం ఈ మందుల బెడద లేదు.

ఇన్‌ఫెక్షన్ తర్వాతా, ఆరోగ్యవంతుల్లోనూ ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి కదా, అందరినీ పరీక్షిస్తే అనవసరంగా జీవితాంతం మందు అంటగట్టినట్టే అంటారు కొందరు. నిజమే. పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్షించాలన్న నియమం అందుకే ఉంది. చేయకుండా వదిలేయడానికి అది సాకు కాదు.

మందు ఎంపిక కూడా ఈ పరీక్షల ఫలితాలమీదే ఆధారపడుతుంది. మూడు పరీక్షలూ పాజిటివ్ అయినవారిలో రివరాక్సబాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చిన ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు, 2018లో ఫలితాలు వచ్చాయి. రివరాక్సబాన్ వాడినవారిలోనే పక్షవాతం, గుండెపోటు ఎక్కువ. ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచబడిందో చెప్పే పరీక్ష) తరచూ చూసుకోవాల్సిన పాత వార్ఫరినే ఇక్కడ గెలిచింది.

నన్ను ఎక్కువగా బాధించేది వైద్యాన్ని అవయవాల వారీగా పంచుకోవడం. పది వారాలు దాటాక పోయిన గర్భం గైనకాలజీ ఫైల్లో, కాలి సిరలో గడ్డ సర్జరీ ఫైల్లో, చర్మంమీద వలలాంటి ఊదా మచ్చలు ఎవరి ఫైల్లోనూ లేకుండా ఉంటాయి. న్యూరాలజిస్టు తన ఫైలొక్కటే తిరగేస్తాడు. గర్భాలు పోయాయా, ఇంతకుముందు గడ్డలు కట్టాయా, ప్లేట్‌లెట్లు తగ్గాయా? ఈ మూడూ మొదటి పూటే అడగాలి. డిశ్చార్జి కాగితంమీద మందుల జాబితా పక్కనే రెండో పరీక్ష తేదీ రాసి ఇవ్వాలి.