కిటికీలో కూర్చున్న ఏసీ గారికి

అయ్యా,

తిరుపతి బైరాగిపట్టెడలో రెండో అంతస్తు నుంచి మీ అద్దెదారు రాసుకునేది. మీరు అర్ధరాత్రి గడగడమంటుంటే నిద్ర ఎలాగూ రాదు, అందుకే ఈ నాలుగు ముక్కలు.

న్యూయార్క్‌లో మీ జ్ఞాతి ఒకాయన ఉన్నాడు. విండో హీట్ పంప్ అంటారు. ఉండేది ఆయనా కిటికీలోనే. ఎండాకాలం గదిలో వేడిని బయట పారబోస్తాడు, చలికాలం లోపల ఒక వాల్వు తిప్పుకుని బయటి వేడిని గదిలోకి మోస్తాడు. మంచు పడే చోట వేడెక్కడిదిరా అని మా మామయ్య నవ్వాడు కానీ, ఫ్రిజ్ చల్లటి డబ్బాలోంచి వేడి లాగి వెనక వైపు వదలట్లేదా, ఇదీ అంతే. వేడిని కొత్తగా పుట్టించడు, ఉన్నదాన్ని మోస్తాడు, అందుకే ఒక యూనిట్ కరెంటు తిని వాతావరణాన్ని బట్టి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తాడు. అక్కడి పాత అపార్ట్‌మెంట్లలో కింద బాయిలర్‌లో కాగిన ఆవిరి గొట్టాల్లో పైకొస్తుంది, తగ్గించుకునే మీట చాలా ఇళ్లలో ఉండదు, దాంతో ఉక్క తట్టుకోలేక జనం జనవరిలో కిటికీలు తెరుచుకుంటారు (డబ్బున్న ఊళ్లో కష్టాలు కూడా వేరేగా ఉంటాయి). ఆ తలనొప్పి పోవాలని 2022లో అక్కడి ప్రభుత్వ ఇళ్లకు 30,000 హీట్ పంపులు పెడతామని 7 కోట్ల డాలర్ల పథకం ప్రకటించారు. గోడకు బెజ్జం అక్కర్లేదు, మామూలు ప్లగ్గు చాలు.

ఇక తమరి ఘనకార్యాలు. మీరు ఒకటిన్నర టన్ను. అంటే గదిలోంచి సుమారు 5 కిలోవాట్ల వేడి లాగి, మీరు తిన్న కరెంటును కూడా వేడి చేసి, మొత్తం సందులోకి ఊదుతారు. మూడు గీజర్లంత వేడి! సందులో బైక్ తీసేవాడికి ముఖం మాడిపోతుంది. అదే సమయంలో, మీకు నాలుగడుగుల దూరంలో, బాత్‌రూమ్‌లో 2 కిలోవాట్ల గీజరు వేడి పుట్టించడానికి ప్రాణం పెడుతుంటుంది.

బ్రహ్మోత్సవాలప్పుడు చూడాలి ఈ వైభవం. తిరుపతిలో ఇల్లున్నోడికి చుట్టాలకు కొదవేముంది, రాత్రంతా ఏసీ 18 మీద పెట్టి దుప్పట్లు ముసుగేసుకుంటారు, పొద్దున మూడుకు లేచి కొండకు పోవాలని ఒకరి తర్వాత ఒకరు వేణ్ణీళ్లు పోసుకుంటారు. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 చూపాలని ప్రభుత్వం నియమం పెట్టింది, కానీ మీరు అంతకు ముందే పుట్టారు, మా చుట్టాలు ఇంకా ముందు పుట్టారు. గోవిందా అనుకుంటూ వాళ్లు కొండెక్కుతారు, బిల్లు చూసి గోవిందా అనుకోవడం నా వంతు.

ఆ న్యూయార్క్ జ్ఞాతిని పిలిపిద్దామంటే అదీ కుదరదు. కిటికీ గట్టు మీద అటు సగం ఇటు సగం వేలాడే రకం ఉంది, చాలా బాగుంటుంది, కానీ అది పైకి జరిపే కిటికీలకు. మన కిటికీలు పక్కకి జరుగుతాయి, పైగా ఇనుప గ్రిల్లు. మీకోసమే గ్రిల్లు కోయించి, మిగిలిన సందులకు థర్మోకోల్ పెట్టి ఎమ్‌సీల్ పూశాం, దాంట్లోంచి దోమలు మాత్రం హాయిగా వస్తున్నాయి. మీరు కార్చే నీళ్లకు కింద ఫ్లాట్ ఆంటీ రోజూ ఒక మాట అంటోంది.

నిజం చెప్పాలంటే మనకు గది వేడి చేసేవాడు అక్కర్లేదు, డిసెంబర్‌లో కూడా ఫ్యాన్ తిరుగుతుంది. పారబోసే ఆ వేడిలో కాస్త బకెట్టు నీళ్లకు మళ్లిస్తే చాలు. అలాంటి యంత్రాలు పెద్ద హోటళ్లలో ఉన్నాయి. మా ఓనర్‌ను కదిలిస్తే, వేణ్ణీళ్ల సౌకర్యం అని అద్దె ఇంకో వెయ్యి పెంచుతానన్నాడు.

ఇట్లు,
మీ కరెంటు బిల్లు కట్టేవాడు