దావా వేసే హక్కు వదులుకున్నాం, బదులుగా రావలసింది అడుగుదాం

మన ఊళ్లలో లారీ గుద్దితే మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంటుంది. ప్లీడరు ఇన్సూరెన్స్ కంపెనీతో ఏళ్ల తరబడి పోరాడి ఎంతో కొంత ఇప్పిస్తాడు. మనం ఉంటున్న న్యూజిలాండ్‌లో ఆ దారి లేదు. ఒంటికి దెబ్బ తగిలితే, తప్పు ఎంత స్పష్టంగా ఎదుటివాడిదైనా సరే, పరిహారం కోసం వాడి మీద దావా వేయడం కుదరదు. 1974 ఏప్రిల్ 1 నుంచి ఇదే చట్టం. అంతకుముందు 1967లో ఓవెన్ వుడ్‌హౌస్ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఒక ఒప్పందాన్ని ప్రతిపాదించింది. ప్రజలు దావా హక్కు వదులుకుంటారు. ప్రతిగా, తప్పెవరిదని అడగకుండా, గాయపడిన ప్రతి మనిషికీ వైద్యం, పునరావాసం, పోయిన సంపాదనలో ఎక్కువ భాగం సమాజమే ఇస్తుంది. ప్రమాద పరిహారం చూసే ప్రభుత్వ సంస్థ ఏసీసీ (యాక్సిడెంట్ కంపెన్సేషన్ కార్పొరేషన్) అలా పుట్టింది.

ఆ ఒప్పందంలో మన వంతు మనం కడుతూనే ఉన్నాం. 2025 ఏప్రిల్‌తో మొదలైన ఏడాదికి ఎర్నర్స్ లెవీ, అంటే సంపాదించేవారు ఏసీసీకి కట్టే రుసుము, ప్రతి 100 డాలర్ల సంపాదనకు 1.67 డాలర్లు. అది కాక మన పేరు మీద యజమాని కట్టేది ఒకటి, కారు రిజిస్ట్రేషన్‌లో ఒకటి, పెట్రోలులో మరొకటి. అయినా మనవాళ్లు చాలామంది ఏసీసీ క్లెయిమ్‌ను దయాధర్మంగా చూస్తారు. క్లెయిమ్ వేస్తే ఉద్యోగానికో వీసాకో ఎసరు వస్తుందని భయపడతారు. ఈ దేశంలో జరిగిన ప్రమాదానికి వీసా ఏదైనా కవర్, అంటే ఏసీసీ రక్షణ, ఉంటుంది. పని వీసా మీద ఉన్నవారికీ, చదువుకునే పిల్లలకూ, చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకూ ఉంటుంది. అసలు చిక్కు ఆ తర్వాత, కాగితాల దగ్గర మొదలవుతుంది.

జీపీ (ఫ్యామిలీ డాక్టరు) గానీ ఫిజియో గానీ మొదటి రోజు నింపే ఫారం ఏసీసీ 45. అందులో గాయానికి ఒక కోడ్ పడుతుంది. భుజం పట్టేసినా, నడుము పట్టేసినా తొలి రోజు పడేది దాదాపు ఎప్పుడూ "బెణుకు" కోడే, ఎందుకంటే స్కాన్ లేకుండా డాక్టరు అంతకు మించి రాయలేరు. ఏసీసీ ఆ బెణుకును వెంటనే ఒప్పుకుంటుంది, ఫిజియోకు డబ్బు కడుతుంది, అందరూ సంతోషిస్తారు. నాలుగు నెలలైనా నొప్పి తగ్గకపోతే ఎంఆర్ఐ తీస్తారు, భుజం కీలును పట్టి ఉంచే స్నాయువులు (రొటేటర్ కఫ్) చిరిగాయని తేలుతుంది. సర్జన్ ఆపరేషన్ కావాలని రాస్తారు. అప్పుడు ఏసీసీ నుంచి ఉత్తరం వస్తుంది: మేం ఒప్పుకున్నది బెణుకు, చిరుగు వయసుతో వచ్చిన అరుగుదల, కాబట్టి ఆపరేషన్ ఖర్చు ఇవ్వం.

చట్టం ఏమంటుందో ఇక్కడ కచ్చితంగా తెలియాలి. గాయం పూర్తిగా గానీ, ప్రధానంగా గానీ అరుగుదల వల్లో వయసు వల్లో వచ్చినదైతే కవర్ లేదు. అంటే స్కాన్‌లో అరుగుదల కనిపించినంత మాత్రాన క్లెయిమ్ పోదు. నలభై దాటిన చాలామంది వెన్నులో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. అదే సమయంలో, ఎప్పటినుంచో ఉన్న అరుగుదల ప్రమాదం వల్ల నొప్పి పెట్టడం మొదలైందంటే అదీ చాలదు. ప్రమాదంలో కొత్త గాయం జరిగిందని చూపాలి. ఈ రెండింటి మధ్య ఉన్న ఇరుకు సందులోనే చాలా క్లెయిములు నలిగిపోతున్నాయి.

సర్జన్ రోగిని మంచం మీద పడుకోబెట్టి, చెయ్యి ఎత్తించి, దించి చూసి రాస్తారు. ఏసీసీ తరఫు క్లినికల్ సలహాదారు చాలా సందర్భాల్లో రోగిని చూడకుండా ఫైలు చదివి అభిప్రాయం రాస్తారు. ఆ ఫైలులో ఏముందన్నదే అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పడిన రోజు ఊరి నుంచి తెచ్చుకున్న నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటారు. మూడు వారాలకు డాక్టరు దగ్గరకు వెళ్లి, మోకాలు ఎక్కువ నొప్పిగా ఉంది కాబట్టి మోకాలి గురించే చెప్తారు, భుజం మాట ఎత్తరు. "ఎలా ఉంది?" అంటే మర్యాదకు "పర్వాలేదండీ" అంటారు. డాక్టరు "మెరుగుపడుతోంది" అని నోట్సులో రాస్తారు. ఆరు నెలల తర్వాత భుజం గురించి అడిగితే, ప్రమాదం రోజు దాని ప్రస్తావనే లేదని ఏసీసీ చూపిస్తుంది.

అందుకే మొదటి అపాయింట్‌మెంట్‌లోనే నొప్పి ఉన్న ప్రతి భాగమూ చెప్పాలి, చిన్నదైనా సరే. ఎలా పడ్డారో వివరంగా చెప్పాలి: చెయ్యి చాపి పడ్డారా, బరువు ఎత్తుతుండగా మెలిక పడిందా, ఎంత బరువు, ఎంత ఎత్తు నుంచి. నొప్పి అదే క్షణం మొదలైందా, మర్నాడా. అంతకుముందు ఆ భాగానికి ఎప్పుడూ వైద్యం అవసరం రాలేదంటే ఆ మాట కూడా రాయించాలి. కొత్త నిర్ధారణ తేలగానే దాన్ని క్లెయిమ్‌లో చేర్చమని జీపీనో సర్జన్‌నో అడగాలి. పాత బెణుకు క్లెయిమ్ ఉంది కదా అని ఊరుకుంటే అది దానంతట అది మారదు. ఎంఆర్ఐని కూడా లాగకూడదు. తాజా గాయానికి ఆనవాళ్లయిన వాపు లాంటివి నెలలు గడిస్తే స్కాన్‌లో కనిపించకుండా పోతాయి, కండ క్షీణించి కొవ్వు పట్టినట్టు కనిపిస్తే దాన్ని పాత గాయంగా చదువుతారు.

ఆపరేషన్ నిరాకరించినప్పుడు సర్జన్‌ను "సపోర్ట్ లెటర్ ఇవ్వండి" అని అడిగితే రెండు వాక్యాలు వస్తాయి, వాటి వల్ల ఒరిగేది లేదు. సలహాదారు నివేదిక కాపీ ఇచ్చి, దానికి పాయింటు పాయింటుగా జవాబు రాయమని అడగాలి. ఈ తరహా పడటం ఈ చిరుగును కలిగించగలదా? స్కాన్‌లో కొత్త గాయమని చెప్పే గుర్తులేవి, పాతదని చెప్పేవేవి? ప్రమాదానికి ముందు రోజు దాకా పూర్తి పని చేసిన మనిషికి మర్నాటి నుంచి చెయ్యి లేవకపోవడానికి అరుగుదల ఒక్కటే కారణంగా సరిపోతుందా? నూటికి నూరుపాళ్ల రుజువు చట్టం అడగదు. వైద్యులు తేల్చి చెప్పలేని చోట కూడా మొత్తం ఆధారాలను బట్టి కారణాన్ని ఊహించి నిర్ణయించవచ్చని 2007లో అంబ్రోస్ కేసులో అప్పీల్ కోర్టు చెప్పింది.

మా అభ్యంతరం ఇక్కడే ఉంది. దావా వేసే హక్కు తీసుకున్నది ప్రభుత్వం. నిర్ణయం చేసేది ప్రభుత్వ సంస్థ. వైద్య సలహాదారులు దాని జీతగాళ్లు. ఆ నిర్ణయం తప్పని చూపడానికి కావలసిన స్పెషలిస్ట్ నివేదికకు మాత్రం, జీతం ఆగిపోయి ఇంట్లో కూర్చున్న మనిషి ముందుగా తన జేబులోంచి పెట్టుకోవాలి. రివ్యూలో, అంటే ఏసీసీ నిర్ణయం మీద జరిగే పునఃపరిశీలనలో, గెలిస్తే తిరిగి వచ్చేది నిబంధనల్లో ఉన్న పరిమితి వరకే, స్పెషలిస్ట్ ఫీజు దాన్ని దాటిపోతుంది. గాయపడినవారి సంఘం అక్లెయిమ్ ఒటాగో 2015లోనే ఈ అడ్డంకులను లెక్కగట్టి చూపింది: చట్టం అందకపోవడం, ఆధారం అందకపోవడం, లాయరు దొరకకపోవడం, చెప్పింది వినేవారు లేకపోవడం. మరుసటి ఏడాది ప్రభుత్వం మిరియం డీన్‌తో స్వతంత్ర సమీక్ష చేయించింది. కొన్ని మార్పులు వచ్చాయి. ఆధారం ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మాత్రం ఇంకా గాయపడినవాడి నెత్తి మీదే ఉంది. అరుగుదల పేరుతో నిరాకరించే ప్రతి కేసులోనూ, గాయపడిన వ్యక్తి ఎంచుకున్న స్పెషలిస్టుతో ప్రత్యక్ష పరీక్ష చేయించి, ఆ ఖర్చు ఏసీసీ ముందుగానే కట్టాలి. అలా చేస్తే లెవీ పెరుగుతుందంటారు. పెరగవచ్చు. దావా హక్కు పూర్తిగా తీసుకున్నాక, ఆ ఖర్చు ఒప్పందంలో భాగమే.

వారపు పరిహారం విషయంలో మనవాళ్లకు తెలియక పోయేవి కొన్ని. గాయంతో పనికి వెళ్లలేనప్పుడు వచ్చేది మొత్తం సంపాదనలో 80 శాతం. పనిలో జరిగిన గాయమైతే మొదటి వారం యజమాని ఇవ్వాలి, బయట జరిగినదైతే ఆ వారానికి ఏసీసీ ఏమీ ఇవ్వదు, సిక్ లీవ్ వాడుకోవాలి. ఇక్కడ ఒక ప్రమాదకరమైన అలవాటు ఉంది. రెస్టారెంట్‌లోనో డెయిరీలోనో గోదాములోనో దెబ్బ తగిలితే "ఇంట్లో పడ్డానని చెప్పు" అని యజమాని అంటాడు, వీసా అతని చేతిలో ఉందని కుర్రాడు సరేనంటాడు. మొదటి వారం జీతం పోతుంది. తర్వాత నిజం చెప్పాల్సి వస్తే, మొదటి ఫారంలోనే తప్పు రాయించినవాడి మాట ఎవరూ నమ్మరు. నగదు జీతంతో పనిచేసేవారి సంగతి ఇంకా కష్టం. ఐఆర్‌డీ (పన్నుల శాఖ) దగ్గర లెక్క లేని సంపాదనకు 80 శాతం కట్టించడం దాదాపు అసాధ్యం.

కొన్ని పెద్ద కంపెనీల్లో పని గాయాల క్లెయిములు ఏసీసీ కాకుండా కంపెనీయో, అది పెట్టుకున్న ఏజెన్సీయో చూస్తుంది. వాళ్లు కాదన్నా అది రివ్యూకు వెళ్లదగ్గ నిర్ణయమే. ఫిజియో ఏసీసీ 45 వేయగలరు గానీ, పనికి వెళ్లలేరని సర్టిఫికెట్ ఇవ్వాల్సింది డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో. ఆ సర్టిఫికెట్ల మధ్య ఒక్క రోజు ఖాళీ వచ్చినా ఆ రోజు డబ్బు ఆగుతుంది. టాక్సీ నడిపేవారికీ ఐటీ కాంట్రాక్టర్లకూ లెక్క కట్టేది ఖర్చులు పోను చూపిన ఆదాయం మీద. పన్ను తగ్గించుకోవడానికి ఆదాయం తక్కువ చూపితే పరిహారమూ అంతే వస్తుంది. పరిహారానికి ముందే ఒక మొత్తం ఖాయం చేసుకునే ఏసీసీ పథకం కవర్‌ప్లస్ ఎక్‌స్ట్రా గురించి అకౌంటెంట్‌ను అడగండి, గాయమయ్యాక అడిగితే లాభం లేదు.

అమ్మానాన్నలు బాత్రూంలో జారి మణికట్టు విరిగితే ఇక్కడి వైద్యం ఏసీసీ చూస్తుంది. గుండెపోటో పక్షవాతమో వస్తే చూడదు, దానికి ట్రావెల్ ఇన్సూరెన్సే దిక్కు. గుంటూరు తిరిగి వెళ్లాక అక్కడి ఫిజియోకూ డబ్బు రాదు. అపాయింట్‌మెంట్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, ఏసీసీ క్లెయిమంట్ల హక్కుల కోడ్‌లో అది ఉంది. అబ్బాయే అనువదిస్తే అమ్మ చెప్పిన పది మాటలు రెండవుతాయి, పోయిన ఎనిమిదిలోనే అసలు లక్షణాలుంటాయి. ఇక ఇక్కడ స్థిరపడిన పౌరులకు, రెసిడెంట్ వీసా వారికి, సంక్రాంతికి ఊరెళ్లి బైకు మీంచి పడినా, దేశం వదిలి ఆరు నెలలు దాటకపోతే కవర్ ఉంటుంది. అక్కడి ఆసుపత్రి బిల్లు రాదు గానీ, తిరిగొచ్చాక వైద్యం వస్తుంది. డిశ్చార్జ్ సమ్మరీ, రిపోర్టుతోపాటు స్కాన్ ఇమేజీల సీడీ కూడా తెచ్చుకోవాలి.

అన్నిటికన్నా బాధ కలిగించేది వొకేషనల్ ఇండిపెండెన్స్ పరీక్ష. చదువు, శిక్షణ, అనుభవాన్ని బట్టి వారానికి 30 గంటలు చేయగల పని ఏదైనా ఉందని తేలితే, మూడు నెలల్లో వారపు పరిహారం ఆగిపోతుంది. ఆ పని నిజంగా దొరుకుతుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. పన్నెండేళ్లు వంటవాడిగా చేసి నడుము విరిగిన మనిషికి ఇరవై ఏళ్ల కిందటి బీకాం డిగ్రీ ఉందంటే, అకౌంట్స్ క్లర్కు పనికి సరిపోతాడని రాయవచ్చు. ఈ పరీక్షలో భాగంగా ఏ పనులకు సరిపోతారో చూసే ఆక్యుపేషనల్ అసెస్‌మెంట్‌లో గొప్పకు పోయి అర్హతలన్నీ ఏకరువు పెట్టకండి, దాచనూ వద్దు. ఆ డిగ్రీతో ఒక్క రోజు కూడా పని చేయలేదనీ, ఆ సాఫ్ట్‌వేర్ తెలియదనీ రాయించండి. రిపోర్టు వచ్చాక తప్పులను రాతపూర్వకంగా చెప్పండి. పునరావాస ప్లాన్ మీద సంతకం చేసే ముందు, ఆ పనికి కావలసిన శిక్షణ అందులో చేర్చమని అడగండి.

నిర్ణయం నచ్చకపోతే రివ్యూకు గడువు మూడు నెలలు. ఉత్తరం వచ్చిన వారంలోనే ప్రైవసీ చట్టం కింద మొత్తం ఫైలు అడగాలి, దానికే 20 పనిదినాలు పడుతుంది. స్పెషలిస్ట్ రిపోర్టు రాలేదని దరఖాస్తు ఆపకండి, ముందు దరఖాస్తు వేసి తర్వాత రిపోర్టు జతచేయవచ్చు. గడువులు ఏసీసీకీ ఉన్నాయి. మామూలు క్లెయిమ్‌పై 21 రోజుల్లో, సంక్లిష్టమైనదైతే రెండు నెలల్లో తేల్చాలి లేదా చట్టం ప్రకారం పొడిగింపు తీసుకోవాలి. ఆ గడువు దాటిందా, కవర్ ఉన్నట్టే. రివ్యూ దరఖాస్తుకు మూడు నెలల్లో విచారణ తేదీ పెట్టకపోతే, ఆ జాప్యానికి మీరు కారణం కానంతవరకు, మీరు గెలిచినట్టే. ఈ తేదీలను క్యాలెండరులో రాసుకునేవారు తక్కువ. విచారణ అయ్యాక 28 రోజుల్లో రివ్యూయర్ తీర్పు రావాలి, దాని మీద డిస్ట్రిక్ట్ కోర్టు అప్పీలుకు మరో 28 రోజులు. కమ్యూనిటీ లా సెంటర్లలో సలహా ఉచితం.

గెలిచినవారు కూడా చివర్లో రెండు చూసుకోవాలి. ఆలస్యంగా వచ్చిన వారపు పరిహారానికి చట్టం వడ్డీ ఇవ్వమంటుంది, అది లెక్కలో కనిపించకపోతే రాసి అడగండి. పాత ఏళ్ల బకాయి ఒకేసారి వస్తే ఆ ఏడాది పన్ను రేటు పెరిగిపోయేది. 2024 ఏప్రిల్ 1 నుంచి అలాంటి మొత్తానికి అంతకుముందు నాలుగేళ్ల సగటు రేటు వేస్తున్నారు, ఐఆర్‌డీ లెక్కలో అది సరిగ్గా పడిందో లేదో చూడండి.