హారన్ ఎగిరిపోయింది

మోడల్ రైలింజన్ మీద అతికించిన చిన్న భాగాలది ఎదురు స్వభావం. ఇంజన్ని పట్టాల మీద పెడదామని రెండు వేళ్లతో ఎత్తామా, హ్యాండ్‌రెయిల్ చేతికొచ్చేస్తుంది. రంగు మార్చాలి, వీటిని పీకాలి అని పనిగట్టుకుని కూర్చుంటే మాత్రం ఒక్కటీ కదలదు.

మా బావకి ఈ రైళ్ల పిచ్చి. పాత డీజిల్ ఇంజన్ బాడీకి కొత్త రంగు వేద్దామనుకున్నాడు. వేయాలంటే ముందు హారన్, గంట, వైపర్లు తీయాలి. నాకు టార్చి పట్టే ఉద్యోగం ఇచ్చాడు.

బావ ఇంజన్ది హెచ్‌ఓ స్కేలు, అంటే అసలు ఇంజన్లో 87వ వంతు. అరమీటరు హారన్ ఇక్కడికొచ్చేసరికి ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఇలాంటి భాగాలకి చాలావాటికి కింద చిన్న పుల్లలాంటిది ఉండి బాడీ కన్నంలోకి దిగుతుంది. గమ్ము బొట్టు లోపలివైపు ఉంటుంది. అందుకని బాడీ విప్పి, ఆ బొట్టు గీకేసి, సన్నటి పిన్నుతో లోపల్నుంచి మెల్లిగా తోయాలి. ఇదంతా నాకు పాఠంలా చెప్పింది బావే. చెప్పేసి, పట్టకారుతో పైనుంచి లాగడం మొదలెట్టాడు.

"లోపల్నుంచి తోయాలన్నావు కదా బావా?"

"లైటు సరిగ్గా పట్టు."

టిక్‌మంది. హారన్ లేదు.

తర్వాత కాసేపు ఇద్దరం నేల మీద పాకాం. బావ ఆ చప్పుడు ఏ దిక్కునుంచి వచ్చిందో లెక్కలు కట్టాడు. సోఫా కింద పెట్టెల్ని కలిపే కొక్కెం (కప్లర్) తాలూకు స్ప్రింగు దొరికింది, ఎప్పుడో పోయిన స్క్రూ దొరికింది, వేరే ఇంజన్ తాలూకు మెట్టు దొరికింది. వ్యాక్యూమ్ క్లీనర్ మూతికి పల్చటి మేజోడు తొడిగి లాగితే దుమ్ము లోపలికి పోయి భాగాలు గుడ్డ మీదే ఆగుతాయి. అదీ చేశాం. హారన్ తప్ప అన్నీ వచ్చాయి. అసలు చేతుల్నీ ఇంజన్నీ పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పీకితే ఎగిరినా సంచిలోనే ఉంటుంది. ఈ సంగతి బావకి సోఫా కింద ఉండగా గుర్తొచ్చింది.

గంట ఇంకా మొండిది. దాన్ని సూపర్ గ్లూతో అతికించారు. అటుగా వచ్చిన అక్క గోళ్లరంగు తుడిచే సీసా ఇచ్చి, "ఇది రాయండి, వస్తుందేమో" అంది. అందులో ఉండేది అసిటోన్. సూపర్ గ్లూని కరిగిస్తుంది, నిజమే. కానీ బాడీ చేసిన ప్లాస్టిక్కునీ వదలదు. బావ ఒక్క చుక్క వేసి, కరిగిందా అని వేలితో నొక్కి చూశాడు. కరిగింది. గంట కాదు, ఇంజన్ పైకప్పు. యజమాని వేలిముద్ర గీతలతో సహా దాని మీద పడింది.

"వస్తుందేమో అన్నాను గానీ, వస్తుందన్నానా?" అని అక్క సీసా తీసుకుని వెళ్లిపోయింది.

సూపర్ గ్లూకి లాగితే బలం ఎక్కువ, పక్కకి తోస్తే తక్కువ. చలికి ఇంకా పెళుసవుతుంది. అందుకే రాత్రి ఇంజన్ బాడీ ఫ్రీజర్లోకి వెళ్లింది. ఐసు కోసం తలుపు తీసిన అక్క ఏమందో ఇక్కడ రాయను. పొద్దున గంటని గోటితో పక్కకి నెడితే టక్కున ఊడొచ్చింది. బావ గర్వంగా దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

వైపర్ల జోలికి పోలేదు. వాటిని ప్లాస్టిక్ సిమెంటుతో అతికించారట. ఆ సిమెంటు రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేసేస్తుంది, ఇక బ్లేడుతో కోయడమే గతి. బావ చేతికి ఆ రోజు బ్లేడు ఇవ్వడం నాకూ ఇష్టం లేకపోయింది.

రంగు బాగానే కుదిరింది. వేలిముద్ర మాత్రం రంగు కిందనుంచి ఇంకా స్పష్టంగా కనిపించింది. చేసేదిలేక నల్లపొడి అద్ది, పొగ మసి పేరుకున్నట్టు చేశాడు. మొన్న ఇంటికొచ్చిన రైళ్ల మిత్రుడొకాయన కళ్లద్దాలు పైకెత్తి ఆ పైకప్పునే తదేకంగా చూసి, "మసి అద్భుతమండీ! ఆ గరుకుదనం ఎలా తెచ్చారు?" అన్నాడు.

"అదొక టెక్నిక్ అండీ," అన్నాడు బావ, నావైపు చూడకుండా. "చాలా ఓపిక కావాలి."