మెట్లు కట్టకుండా కొండెక్కమంటే ఎట్లా?

"ఫైవ్ లెస్ దాన్ ఎక్స్" అని బోర్డు మీద రాసి, దీన్ని గుర్తులతో రాయండని ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగాను. ముప్పావు వంతు మంది "అయిదు మైనస్ ఎక్స్" అని రాశారు. అది కొట్టేయమని చెప్పి అదే ప్రశ్న తెలుగులో వేశాను: ఎక్స్ కంటే అయిదు తక్కువ. ఈసారి వెనక బెంచీ పిల్లలు కూడా "ఎక్స్ మైనస్ అయిదు" అన్నారు. వాళ్లు తప్పు చేసింది బీజగణితం రాక కాదు. తెలుగు వాక్యం ఎక్స్‌ను ముందు పెట్టి, అందులోంచి అయిదు తీసేయమంటుంది. గణితం నడిచే వరసా అదే. ఇంగ్లీషు వాక్యం అయిదును ముందుకు తెచ్చి పెడుతుంది. పిల్లలు కనపడిన వరసలో రాసుకుంటూ పోయారు. మార్కులు పోయింది లెక్కల్లో, పొరపాటు జరిగింది భాషలో.

పాత చిత్తూరు జిల్లా తూర్పు మండలాల జెడ్పీ హైస్కూళ్లలో లెక్కల టీచరుగా ఇరవై ఏళ్లు దాటాయి నాకు. ఇట్లాంటివి లెక్కలేనన్ని చూశాను. "రెస్పెక్టివ్లీ" అన్న ఒక్క మాట తెలియక రెండు నిష్పత్తుల్ని తారుమారు చేసినవాళ్లు, "ఎట్ లీస్ట్"కూ "ఎట్ మోస్ట్"కూ తేడా పట్టుకోలేక సంభావ్యత లెక్కంతా తలకిందులు చేసుకున్నవాళ్లు ఎందరో. పిల్లలకు వాల్యూమ్ అంటే టీవీ సౌండు. ప్రోడక్ట్ అంటే అంగట్లో సరుకు. రూట్ అంటే బస్సు రూటు. పవర్ అంటే కరెంటు. ఈ మాటలన్నీ పిల్లలకు తెలిసినవే, అందుకే అడగరు. తెలుసు కదా అని టీచరూ చెప్పడు. కిరణజన్య సంయోగక్రియకు ఇంగ్లీషు మాట కష్టమని అందరికీ తెలుసు కాబట్టి దాన్ని పదిసార్లు పలికిస్తారు, పదిసార్లు రాయిస్తారు. పిల్లవాడు కాలు జారేది మాత్రం ఈ చిన్న మాటల దగ్గర.

అందుకే నేను అడుగుతున్నది ఒకటే. ఇంగ్లీషు మీడియంలో చదివే హైస్కూలు పిల్లలకు లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఉన్న ఇంగ్లీషును దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పే కోర్సు ఒకటి విడిగా ఉండాలి. అది గ్రామరు పీరియడు కాదు, స్పోకెన్ ఇంగ్లీషూ కాదు. పాఠం అర్థం చేసుకోవడానికి, జవాబు సొంతంగా రాయడానికి పనికొచ్చే ఇంగ్లీషు. దానికి టైంటేబుల్లో చోటు, టీచరుకు శిక్షణ, పిల్లవాడు ఎక్కడున్నాడో చెప్పే కొలత, ఈ మూడూ ఉండాలి.

ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం నిన్న మొన్న వచ్చింది కాదు. 2008లో సక్సెస్ స్కూళ్ల పేరుతో హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. 2019 చివర్లో ఒకటో తరగతి నుంచే అంటూ జీవో వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించారు. 2020-21 నుంచి ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. 2023లో టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష శిక్షణ కోసం, దాన్ని నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం కుదిరింది, ప్రభుత్వం మారాక అది ఆగిపోయింది. ఇప్పుడు పదో తరగతి రాసే పిల్లల్లో అత్యధికులు ఇంగ్లీషు మీడియం వాళ్లే. ఏ మీడియం కావాలన్న దాని మీద ఇన్నేళ్లు కొట్లాడుకున్నాం. ఆ మీడియంలోకి పిల్లవాడిని ఎట్లా నడిపించాలన్నది ఎవరి అజెండాలోనూ లేదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లున్నాయి కాబట్టి ముసలివాళ్లు కూడా ఎక్కుతున్నారు. మెట్లు తీసేసి కొండను చూపిస్తే ఎంతమంది ఎక్కగలరు?

ఇంగ్లీషు మీడియం వద్దని నేను వాదించడం లేదు. నగరిలో మరమగ్గాల దగ్గర పనిచేసే తల్లి, తిరుపతి లాడ్జీల్లో రూములు ఊడ్చే తల్లి తన బిడ్డకు ఇంగ్లీషు కావాలంటున్నారంటే, ఆ భాష లేకపోవడం వల్ల ఏం పోయిందో వాళ్లకు తెలుసు. చదువుకున్నవాళ్లు తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపుకుంటూ వాళ్లకు మాతృభాష గొప్పతనం చెప్పడం న్యాయం కాదు. మాతృభాషలో మొదలైన చదువు గట్టిగా నిలబడుతుందన్నది కూడా నిజమే. 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షనూ సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలంటుంది. ఆ చర్చ ప్రాథమిక బడికి చెందింది, దాన్ని అక్కడ చేద్దాం. ఇప్పటికే ఎనిమిదో తరగతిలో కూర్చున్న పిల్లను ఆ చర్చ తేలేదాకా ఆగమనలేం.

ఇక్కడ అమెరికా సంగతి చెప్పాలి. తిరుపతి నుంచి అక్కడికి వెళ్లే సాఫ్ట్‌వేర్ కుటుంబాలు తక్కువేం కాదు. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు ఒక ఫారం ఇస్తారు: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? తెలుగు అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. కావాల్సిన స్థాయి లేదని తేలితే ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోర్సులో వేస్తారు. మనవాళ్లకు అది తలకొట్టేసినట్టుంటుంది. మావాడు ఎల్కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే కదా అంటారు. ఆ క్లాసు తప్పించుకోవడానికి ఫారంలో ఇంటి భాష ఇంగ్లీషేనని రాసేవాళ్లూ ఉన్నారు. ఆ క్లాసు అవమానం కాదు, హక్కు. ఆ హక్కు ఊరికే రాలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు సుమారు 1,800 మందికి భాషలో అదనపు సాయం ఏదీ అందడం లేదని కోర్టుకెక్కారు. 1974 జనవరిలో, లౌ వర్సెస్ నికోల్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఒకే పుస్తకాలు, ఒకే టీచర్లు, ఒకే సిలబస్ ఇచ్చినంత మాత్రాన అందరినీ సమానంగా చూసినట్టు కాదు, భాష అర్థం కాని పిల్లలకు చదువు తలుపు మూసేసినట్టే. ఆ తీర్పు సారాన్ని మన విద్యాశాఖ ప్రతి గదిలో గోడకు తగిలించుకోవాలని నా కోరిక.

అక్కడి హైస్కూళ్లలో సాధారణంగా రెండు రకాల ఏర్పాట్లుంటాయి. ఒకటి, ఇంగ్లీషు భాషాభివృద్ధికే కేటాయించిన పీరియడు. రెండోది, సైన్సు, చరిత్ర లాంటి పాఠాలనే భాషను సులువు చేసి, బొమ్మలతో, చేతి పనులతో, వాక్యాలకు ఊతమిచ్చి చెప్పే క్లాసులు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల స్థాయి చూడటానికి అక్కడి చాలా రాష్ట్రాలు వాడే వీడా అనే కొలమానం ఒకటి నుంచి ఆరు దాకా స్థాయిలు చూపిస్తుంది. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం విడివిడిగా కొలుస్తారు. ఏడాదికోసారి పరీక్ష పెట్టి తీరాలి. లోపాలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి అదే కోర్సులో ఉండిపోయి, కాలేజీకి పనికొచ్చే సైన్సు, లెక్కల క్లాసులకు దూరమైన పిల్లలు అక్కడ పెద్ద సమస్య. కాలిఫోర్నియా 2012లో అలాంటి పిల్లలను చట్టంలోనే నిర్వచించి, వాళ్లు ఎంతమందో లెక్క చెప్పాల్సిందేనంది. మనం ఇట్లాంటి కోర్సు పెట్టినా అసలు పాఠాన్ని ఆపి పెట్టకూడదు.

కెనడాకు చెందిన జిమ్ కమిన్స్ అనే భాషా పరిశోధకుడు 1979లో ఒక తేడా చూపించాడు: మాటామంతీకి వాడే భాష వేరు, చదువుకు వాడే భాష వేరు. మొదటిది సుమారు రెండేళ్లలో వస్తుంది, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఈ తేడా తెలియాలంటే కెనడా దాకా పోనక్కర్లేదు. తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర వాళ్ల నాయన బొమ్మల అంగట్లో సాయంత్రాలు నిలబడే కుర్రాడొకడు నాకు తెలుసు. యాత్రికులతో తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. బేరం చేస్తాడు, దారి చెబుతాడు. వాడికే సైన్సు పేపర్లో "జస్టిఫై" (కారణం చూపి సమర్థించు) అని కనపడితే పెన్ను ఆగిపోతుంది. వాడికి ఇంగ్లీషు రాదనడం ఎంత తప్పో, వచ్చేసిందనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులతో వాడికి ఒరిగేదేమీ లేదు. ఆ అయిదు నుంచి ఏడేళ్లన్న లెక్క కూడా బయట అంతా ఇంగ్లీషే వినపడే దేశాల్లో వేసింది. మన పిల్లలు బడి గేటు దాటితే ఇంగ్లీషు వినపడదు. ఆరో తరగతిలో మీడియం మారిన పిల్లకు పదో తరగతి పరీక్ష దాకా ఉన్నవి అయిదేళ్లే.

అమెరికాకూ మనకూ ఇంకో పెద్ద తేడా ఉంది. అక్కడ క్లాసులో నలుగురైదుగురికి భాష రాదు, వాళ్లలోనూ ఒకరిది స్పానిష్, ఒకరిది అరబిక్. టీచరుకు అవేవీ రావు. ఇక్కడ క్లాసు క్లాసంతా అదే స్థితిలో ఉంది, టీచరుకూ పిల్లలకూ ఉమ్మడిగా తెలుగుంది. ఇంత పెద్ద పెట్టుబడి చేతిలో పెట్టుకుని దాన్ని దాచిపెట్టమంటున్నాం. ఒక తనిఖీ అధికారి నా క్లాసుకొచ్చి, ఇంగ్లీషు మీడియంలో తెలుగు మాట్లాడుతున్నానని పిల్లల ముందే మందలించిపోయాడు. ఆయన వెళ్లాక అరగంట పాటు ఒక్క పిల్లా నోరు తెరవలేదు.

నిజానికి ఏ బడిలో చూసినా జరిగేది ఒకటే. టీచరు ఇంగ్లీషు పేజీ చదువుతాడు, తెలుగులో వివరిస్తాడు, చివర్లో ఇంగ్లీషు జవాబు నోట్సు చెబుతాడు. పిల్లలు బట్టీ పడతారు. ఆ టీచర్లలో ఎక్కువ మంది నాలాగే తెలుగు మీడియంలో చదివినవాళ్లు, వాళ్లను తప్పుపట్టను. తెలుగు వివరణకూ ఇంగ్లీషు జవాబుకూ మధ్య ఉండాల్సిన మెట్టే లేదు. వేసవిలో మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని పక్క క్లాసులో సైన్సు మేడం అడిగితే ఒక పిల్లవాడు అన్నాడు: "కుండకు సన్నసన్న చిల్లులుంటాయి మేడం, నీళ్లు బయటికొచ్చి ఆవిరైపోతాయి, పోతాపోతా లోపల వేడిని ఎత్తకపోతాయి." అంత చక్కని జవాబు ఇచ్చినవాడు పరీక్షలో రాసింది గైడులోని ఒక ముక్క, అదీ క్రియ లేకుండా. వాడి తెలుగు జవాబును ముందు పెట్టుకుని, "వెన్", "త్రూ", "బికాజ్" అనే మూడు కీళ్లు చేతికిచ్చి, వాడి చేతే మూడు ఇంగ్లీషు వాక్యాలు కట్టించడం, నేను అడిగే కోర్సులో ఒక రోజు పని అది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వారానికి అయిదు పీరియడ్లు ఇవ్వండి. బడి గంటల్లోనే ఇవ్వాలి. సాయంత్రం స్టడీ అవర్లోకి నెడితే పల్లె బస్సు పట్టుకోవాల్సిన ఆడపిల్లలకు అది దక్కదు. ఇంగ్లీషు టీచరూ సబ్జెక్టు టీచరూ కలిసి వారం ముందే ఏ పాఠంలో ఏ మాటలు అడ్డుపడతాయో రాసుకోవాలి. ఎదురెదురు పేజీల పుస్తకం చేతిలోనే ఉంది, దాన్ని ఎట్లా వాడాలో ఎవరూ నేర్పలేదు. ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షల్లో తెలుగులో రాసినా సరైన జవాబుకు మార్కు ఇవ్వాలి. అప్పుడే పిల్లకు విషయం రాలేదా, భాష రాలేదా అన్నది మనకు తెలుస్తుంది. బెంగళూరులో 1963 నుంచి దక్షిణాది రాష్ట్రాల ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇస్తున్న ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ ఉంది. ఆ తలుపు లెక్కల, సైన్సు టీచర్లకూ తెరవాలి.

నా క్లాసులో నేను చేయగలిగింది చిన్నది. బోర్డు మధ్యలో సుద్దముక్కతో ఒక గీత గీసి, ఎడమ పక్క తెలుగు వాక్యం, కుడి పక్క ఇంగ్లీషు వాక్యం రాస్తూ వచ్చాను. ఏ మాట ఎక్కడికి మారిందో పిల్లలే బాణాలు గీసేవాళ్లు. నెల తిరిగేసరికి "లెస్ దాన్" కనపడితే నేను చెప్పకముందే "తిరగెయ్యాల సార్" అని అరిచేవాళ్లు. ఒకరోజు సత్యవేడు వైపు నుంచి వచ్చే పిల్ల, ఇంట్లో అంతా తమిళమే మాట్లాడే పిల్ల, లేచి నిలబడి మెల్లగా అంది: "సార్, మాకు కూడా తెలుగు లాగానే వస్తుంది. ఎక్స విడ అంజు కమ్మి." అంతవరకు తనకు తెలుగు కూడా బడిలో నేర్చుకున్న భాషేనని నాకు తట్టలేదు. సుద్దముక్క తన చేతికిచ్చాను. తెలుగు వాక్యానికి ఎడమ పక్కన ఇంకో గీత గీసి, తమిళ అక్షరాల్లో రాసింది.